రంగు ఆరేదాకా

గుడ్డ బిగించిన రోజు

గరువుపాలెం చేరాను. గోనె మిల్లును సముద్రం ఎప్పుడో మింగేసింది. పొగగొట్టం ఒక్కటే నీళ్లలోంచి మెడ ఎత్తి చూస్తోంది. కూలీల లైనిళ్లు మాత్రం గట్టు మీద మిగిలాయి. ఒకే వరస, ఒకే కప్పు, ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ. పాతకాలపు సున్నం కట్టుడు, మూరెడు మందం. మిట్టమధ్యాహ్నం లోపల అడుగు పెడితే ఒంటిని చల్లబరిచే చల్లచొక్కా మర ఆపేసుకోవచ్చు. ఆ చొక్కా లేకుండా ఈ సీమలో పగలు ఆరుబయట తిరిగిన మనిషి సాయంత్రం చూడడు. అందుకే జనమంతా కొండెక్కేశారు.

నమలుడు బండి నాకంటే ముందే వచ్చి రోడ్డు మీద నిలబడి ఉంది. కాగితాల్లో దాని పేరు ఇంకేదో పొడుగ్గా ఉంటుంది, ఆ పేరు పలికిన వాణ్ణి నేను చూడలేదు. గోడను నోట్లో పెట్టుకుని ఒక పక్క ఇసక, ఒక పక్క ఇనుము ఊస్తుంది. నదుల్లో ఇసక అయిపోయింది కదా, కొండ మీద ఒక గది లేవాలంటే కింద ఒక ఇల్లు కూలాలి.

డ్రైవర్ గురువులు కేబిన్‌లోంచి మైకులో పలకరించాడు. ఆ చల్లటి కేబిన్ దిగడమంటే అతనికి ప్రాణసంకటం.

"సాచ్చమ్మ గోరూ! వొచ్చీసినారా? ఈ పాలి బేగి ఆరే రంగులెయ్యండి. కిందటి పాలి మీ బొమ్మ ఆరేసరికి నాకు గెడ్డం నెరిసిపోనాది."

"నీ గడ్డం నేను ఉద్యోగంలో చేరకముందే నెరిసింది" అన్నాను.

నేను పటసాక్షిని. కూలబోయే ప్రతి కట్టడానికీ ఒక బొమ్మ ఉండాలి. ఖాళీగా ఉందని కళ్లారా చూసి, చేత్తో, నూనె రంగుల్లో వేసిన బొమ్మ. కెమెరా బొమ్మల్ని కోర్టులు నమ్మడం మా అమ్మమ్మ కాలంలోనే మానేశాయి. ఎవరు ఏది కావాలంటే అది పుట్టించగలరు మరి. నూనె రంగును పొర పొరగా కోసి చూస్తే ఏది ముందు వేశారో, ఏది తర్వాత వేశారో తెలిసిపోతుందట. అందుకని మమ్మల్ని నమ్ముతారు.

రంగు ఆరేదాకా గోడ ముట్టకూడదు. ఈలోపు ఎవరైనా వచ్చి ఈ ఇల్లు నాదనొచ్చని ఆ గడువు. ఎవరూ రారు. తడి బొమ్మను ఎవరికీ చూపకూడదు, అందులో ఏం వేశామో ఎవరికీ చెప్పకూడదు. పనిలో చేరేటప్పుడు మా చేత వేయించే ఒట్టు అదొక్కటే. బొమ్మ మీద గుడ్డ కప్పి, కింద కుడి మూల మాత్రం వదిలేస్తాం. అది వేలిమూల. డ్రైవర్ రోజూ పొద్దున్నే వచ్చి అక్కడ బొటనవేలు ఆనిస్తాడు. వేలికి రంగు అంటితే వెనక్కి పోతాడు. అంటకపోతే బండి కదులుతుంది.

సాక్షి తన రోజులు తాను రాసుకోవాలని ఇంకో నియమం. ఈ రాతలు ఎవరూ చదవరు. అందుకే ఇందులో నిజం రాస్తాను.


మొదటి పూత

ఖాళీ ఇంటి కిటికీకి ఒక నలుపు ఉంటుంది. నిజానికి అది నలుపు కాదు. నీలంలో ఎర్రమట్టి రంగు కలిపి, చివర్న రవ్వంత ఆకుపచ్చ తగిలిస్తే వస్తుంది. మనిషి మసలని గదిలో గాలి కూడా పాచిపడుతుంది, ఆ పాచి రంగు అది. ఇరవై ఏళ్లుగా అవే కిటికీలు వేస్తున్నాను కాబట్టి ముందే కలిపి ట్యూబుల్లో నింపుకుంటాను. ఇంటావిడ పోపుల డబ్బా నింపుకున్నట్టు.

ఇవాళ వరసలోని కిటికీలన్నిటికీ ఆ నలుపు సరిపోయింది. చివరింటి కిటికీకి సరిపోలేదు. వేశాను, తుడిచాను, మళ్లీ వేశాను. ఆ కిటికీలో నలుపు వెచ్చగా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే చూరు కింద పసుప్పచ్చటి పొగచార. గడపరాయి మధ్యలో నున్నగా ఉంది. ఎలకలు పొయ్యి రాజేయవు కదా!

ఎండ దిగాక తలుపు తట్టాను. లోపలి నుంచి తాడుతో కట్టి ఉంది.

"ఎవరమ్మా లోపల? భయపడకండి, నేను గవర్నమెంటు మనిషిని కాను" అన్నాను. అబద్ధమే.

ఒక గొంతు పలికింది. "మరెవులవు? ఉప్పమ్ముకోడానికి వొచ్చినావేటి?"

తాడు ఊడింది. అరవై దాటిన మనిషి. చీర పిక్కల దాకా ఎగదోపి, నడుం మీద చెయ్యేసి, తల ఒక పక్కకు వాల్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"పేరేటి?"

"తవిటమ్మ."

"నాను నూకాలు." పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "నువ్వు తవుడు, నాను నూకలు. మరి బియ్యం ఎవులు పట్టికెళ్లిపోనారో!"

నేనూ నవ్వాను. ఆగకుండా నవ్వాను. నవ్వి ఎన్నాళ్లయిందో, దవడలు పట్టేశాయి.


రెండో పూత

ఒంటరితనం నాకు అలవాటే అని అందరితో అంటుంటాను. అందరూ అంటే గురువులే. పైన కొండ మీద నాకో గది ఉంది. ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్తాను. తలుపు తీసినప్పుడల్లా పొరపాటున ఇంకొకరి గదిలోకి వచ్చానేమో అనిపిస్తుంది. అలాంటిది, నిన్నటి నుంచి సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నాను. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చో.

నూకాలప్ప తెల్లవారుజామునే వల తీసుకుని పొగగొట్టం దగ్గరికి పోతుంది. ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, తలుపు కట్టుకుని, పగలంతా ఆ గోడల చలవలో పడుకుంటుంది. పొద్దు వాలాక వంట. చిన్న చేపల పులుసు, చోడి అంబలి. ఆమెకు చల్లచొక్కా లేదు. అడిగితే, "ఈ గోడే నా సొక్కా" అంది.

"పైకి ఎందుకు వెళ్లలేదప్పా?"

"ఒక పాలి పట్టికెళ్లినారమ్మీ. కాయితాల్లో పేరు నేనోళ్లందర్నీ ఓ పెద్ద హాల్లో పడీసినారు. మంచం మీద మంచం, దాని మీద మంచం. పగలూ రేతిరీ ఆరని దీపం. పై మంచం మీద ముసల్ది సచ్చిపోతే దీపం ఆర్పకండానే దించీసినారు. ఏడుద్దామంటే సీకటేది? మూడో నెల్లో పారొచ్చీసినాను. మల్లీ అక్కడికైతే ఎల్నుగాక ఎల్ను."

"మరి ఈ గోడ పోతే?"

"పోతే ఏటుంది? ఒక్క ఎండకి అయిపోతాను." ఎండుచేప సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పి గిన్నె దించింది.

పొద్దున గురువులు వేలు పెట్టడానికి వచ్చినప్పుడు మాటల్లో పెట్టి అడిగాను. "ఎప్పుడైనా బొమ్మలో మనిషి తేలితే ఏం చేస్తారు?"

"నా సర్వీసులో తేల్నేదు గానీ, రూలైతే ఉంది. పేరున్న మడిసైతే ఇల్లు ఆలదే, బండి ఎనక్కి. పేరు నేని మడిసైతే మడిసి పైకి, ఇల్లు నోట్లోకి." తన బండి నోటివైపు చూపించాడు. "ఏం, సాచ్చమ్మా? ఎవులైనా ఉన్నారేటి?"

"ఎలకలున్నాయి."

"ఆటికీ పేర్లుండవు" అని నవ్వుకుంటూ పోయాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్నదున్నట్టు వేస్తే ఆమెను ఆ దీపం కిందికి పంపినట్టు. వేయకపోతే ఎండలోకి తోసినట్టు. ఏదీ నా చేతులతో చేయలేను.


మూడో పూత

మా పనిలో ఒక పాత చిట్కా ఉంది. రంగు పలక మీద తొందరగా ఎండిపోకుండా లవంగ నూనె చుక్క కలుపుతాం. ఆ చుక్క బొమ్మలోకి వెళ్తే బొమ్మ కూడా ఆరదు. నేర్చుకునేటప్పుడు జాగ్రత్త అని చెప్పిన సంగతినే ఇప్పుడు కావాలని చేశాను. వేలిమూలకు దండిగా పట్టించాను. బొమ్మ ఆరకపోతే గోడ నిలబడుతుంది.

గురువులు వచ్చాడు, వేలు పెట్టాడు, అంటింది. వెళ్లబోయి ఆగి వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటీ, లవంగాల వోసనొస్తంది?"

"పన్ను నొప్పి. లవంగ నూనె పెట్టుకుంటున్నాను. నా చేతికున్నది రంగుకీ అంటినట్టుంది."

"అయ్యయ్యో! సెప్పరేటండీ? బండిలో పళ్ల మిషనుంది. ఓ నిమసం పని."

"వద్దులే, తగ్గిపోతుంది."

తగ్గలేదని మర్నాడు వేలు వాసన చూసి అతనే తీర్పు చెప్పాడు. ఆ మర్నాడూ అంతే. మంచివాడు ఊరికే ఉండడు, అదే వాడితో చిక్కు. నాలుగోసారి మిషను చేతుల్లో పట్టుకునే వచ్చాడు. ఇంకా కాదంటే అనుమానం వస్తుంది. తేలు కుట్టిన దొంగలా నోరు తెరిచి కూర్చున్నాను. రాయిలా ఉన్న దవడ పన్నును అతను ఎంతో జాలిగా పీకేశాడు.

"ఇంత గట్టిగా ఉందేటండీ!" అని ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం వాచిన బుగ్గతో వెళ్తే నూకాలప్ప అడిగింది. లవంగ నూనె సంగతి, పన్ను సంగతి చెప్పాను. మొదట కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఉప్పునీళ్లు కాచి పుక్కిలింపజేసి, నా తల తన ఒళ్లో పెట్టుకుంది. ఇంకొకరి చెయ్యి నా తల మీద పడి ఎన్నేళ్లయిందో లెక్క వేయబోయి మానేశాను.

"నా కోసం పన్నిచ్చీసినావేటే, వొలమ్మీ" అంది.

"నీ కోసం కాదు, గోడ కోసం" అన్నాను. ఏడుపు వస్తుంటే మాట అలాగే వస్తుంది నాకు.


మూల జిగటగా ఉంది

పన్ను పోయాక లవంగ నూనె వాడే దారి లేకపోయింది. వేలిమూల మెల్లిగా బిగుసుకుంటోంది. ఇవాళ గురువులు వేలికి రంగు రాలేదు, జిగట మాత్రం తగిలింది.

"పైనించి కబురొచ్చింది సాచ్చమ్మా. అమాసలోపు ఆరకపోతే మీ బొమ్మ కొట్టీసి, ఇంకో సాచ్చిని పంపుతారంట."

ఇంకో సాక్షి వస్తే కిటికీ నలుపు అతనికీ కుదరదు. అతనికి నూకాలప్ప ఎవరూ కాదు. పేరు లేని మనిషి అని వేసి పోతాడు.

మధ్యాహ్నమంతా నా డేరాలో పడుకుని ఆలోచించాను. పేరున్న మనిషైతే ఇల్లు ఆ మనిషిదే. నాకు పేరుంది. సాక్షి కాపురం ఉండకూడదని ఏ నియమంలోనూ లేదు. ఉండాలనుకున్న సాక్షి ఎవరూ లేరు కాబట్టి రాసి ఉండరు. బొమ్మ ఆరకముందే పై గది వదులుకోవాలి. వదులుకున్న పూటే అది ఇంకొకరికి పోతుంది, మళ్లీ రాదు. కింద ఉన్నన్నాళ్లు రోజూ పొద్దుగూకే వేళ బండి మైకు పిలుస్తుంది, గుమ్మంలోంచి పలకాలి. ఒక్క పూట పలక్కపోయినా ఇల్లు ఖాళీ కిందే లెక్క. అంతే కదా, పలుకుతాను. లోపల నూకాలప్ప ఉంటుంది, గుమ్మంలో నేనుంటాను.

లేచి బొమ్మ ముందు నిలబడ్డాను. మనుషుల్ని వేయడం నాకు రాదు. మనుషులు లేని చోట్లకే కదా నన్ను పంపుతారు. అద్దం లేదు. స్టీలు గ్లాసులో చూసుకుంటే బుగ్గలు రెండు పక్కలకూ పోయి గుమ్మడికాయ కనబడింది. గ్లాసు పక్కన పెట్టి, చేతికి వచ్చినట్టు వేసుకుంటూ పోయాను. చివరింటి గుమ్మంలో నిలబడిన ఆడమనిషి. చల్లచొక్కా తొడిగితే మర బొమ్మలా ఉంటుందని చీర కట్టాను. ఆ గుమ్మానికి చీరే నప్పింది. వెనక కిటికీలో వెచ్చటి నలుపు పెట్టాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇరవై ఏళ్లలో ఇంత హాయిగా బొమ్మ వేసి ఎరగను.

వేసినంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉన్నాను. సాయంత్రం అంబలి దగ్గర నూకాలప్ప అడిగింది.

"ఏటే, ఈ యేల మొకం ఎలిగిపోతంది?"

నాలిక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి ఆగాను. ఒట్టు కోసమే ఆగానంటే ఎవరైనా నమ్ముతారేమో, నేను నమ్మను. చెబితే వద్దంటుందేమోనని భయం. నీ కొండ మీది గది పోగొట్టుకుని నా కొంపలో దూరతావేటి అంటుందేమోనని. ఆరాక చూపిస్తే కాదనడానికి ఉండదు.

"రేపో ఎల్లుండో చెప్తాను" అన్నాను.

"బొమ్మయిపోనాదేటి?" ఆమె గొంతు ఎందుకో తగ్గింది.

"అయిపోవచ్చింది."

తాగుతున్న అంబలి గిన్నె కింద పెట్టేసింది. నేను సంతోషంలో ఉన్నాను, పట్టించుకోలేదు.


ఒక్క చోటే తడి

పొద్దున నూకాలప్ప వలకు వెళ్లాక బండి దగ్గరికి వెళ్లాను. గురువులు కేబిన్ తలుపు తీసి పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇచ్చాడు. గది తాళం అతని చేతిలో పెట్టాను.

"ఇదేటి?"

"పై గది వదిలేస్తున్నాను. పంపించెయ్."

అతను తాళాన్ని ఇటూ అటూ తిప్పి నా వైపు చూశాడు. "పన్ను పీకినందుకు మీకు మతి గానీ పోనేదు కదా?"

"ఈ చివరింట్లో కాపురం పెడుతున్నాను. రేపటి నుంచి సాయంత్రం పిలవాల్సింది నన్నే."

చాలాసేపు మాట్లాడాడు. ఎండలు, తుపాన్లు, పాములు, ముసలితనం, అన్నీ చెప్పాడు. నేను టీ తాగుతూ వింటూ కూర్చున్నాను. ఒకరు నా మంచి కోరి అరుస్తుంటే వినడానికి బాగుంది. ఇంకో గ్లాసు కూడా అడిగి తాగాను. ఆఖరికి తాళాన్ని పైకి పంపే పెట్టెలో వేసి మీట నొక్కాడు. పని అయిపోయింది. తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరింది.

బొమ్మ మీద గుడ్డ లేదు. గాలికి పోయిందనుకున్నాను. చూస్తే మడత పెట్టి, ఎగరకుండా రాయి పెట్టి, పక్కన ఉంది.

గుమ్మంలో మనిషికి ముఖం లేదు. తడి రంగు మీద చీర కొంగుతో గట్టిగా తుడిచిన గుర్తు. నుదుటి నుంచి గెడ్డం దాకా, మళ్లీ మళ్లీ.

ఎందుకు తుడిచిందో మొదట అర్థం కాలేదు. అది నేనే కదా అప్పా అని పైకే అన్నాను. అప్పుడు బొమ్మను సరిగా చూశాను. పిక్కల దాకా ఎగదోపిన చీర. నడుం మీద చెయ్యి. ఒక పక్కకు వాలిన తల. చీర నేను కట్టి పదేళ్లు దాటింది. నడుం మీద చెయ్యేసుకుని నేనెప్పుడూ నిలబడలేదు. ఇన్నాళ్లూ నేను చూసిన మనిషి ఒక్కతే. నా చేతికి వచ్చిన మనిషీ ఒక్కతే.

చివరింటికి పరిగెత్తాను. తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి వెచ్చగా ఉంది. వల లేదు, నీళ్ల ముంత లేదు, కట్టుబట్టల మూట లేదు. నేను పట్టించేశాననుకుంది. ముఖం లేకపోతే వెతకరని తుడిచింది. తుడిచాక, ఈ నెత్తి మాడే ఎండలో, గోడ వదిలిపెట్టి వెళ్లిపోయింది.

కొంగుకు రంగు అంటుకుని ఉంటుంది. ఎన్నిసార్లు ఉతికినా పోదు, నూనె రంగు.


వేలికి అంటలేదు

ముఖం సరిచేద్దామని కుంచె ఎత్తాను. ఎవరి ముఖం వేయాలి? కుంచె కడిగేసి పెట్టేశాను.

పొద్దున గురువులు వేలిమూల మీద వేలు ఆనించాడు. అంటలేదు. నియమం ప్రకారం అతని ఎదుట గుడ్డ తీశాను. అతను బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు.

"మొకం నేదేటి?"

"నాదే. ఆరకముందు చెయ్యి తగిలింది."

"మీరు సీర కట్టగా నానెప్పుడూ సూడ్నేదు సాచ్చమ్మా."

నేను గుడ్డ మడత పెట్టాను. అతను సముద్రం వైపు తిరిగి గెడ్డం గోక్కున్నాడు.

"మీరంటే మీరే. సాచ్చి మాటకి ఎదురేటుంది?" అని వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "సాయంకాలం పిలుత్తాను. పలకండి మరి. మీరు పలక్కపోతే నాను ఊరుకున్నా బండి ఊరుకోదు."

పిలిచాడు. "గోనె మిల్లు లైనిళ్లు! ఇంటో ఎవులు?" అని మైకులో గట్టు దద్దరిల్లేలా. గుమ్మంలో నిలబడి, తవిటమ్మ అన్నాను. నా పేరు నేనే అంత గట్టిగా అరిచి ఎప్పుడూ వినలేదు.

ఇరవై ఏళ్లకు మొదటిసారి నా బొమ్మ ఒక ఇంటిని నిలబెట్టింది. గోడలు చల్లగా ఉన్నాయి. నాకు అవసరం లేదు, నాకు చొక్కా ఉంది.


బొమ్మ లేని రోజులు

రోజూ వెతుకుతున్నాను. ఆమె ఎండ లేనప్పుడే నడవగలదు. పగలు ఎక్కడో ఒక గోడ నీడన ఆగాలి. గోడలెక్కడున్నాయో చెప్పడానికి నాకు పటం అక్కర్లేదు. ఈ తీరం అంతా నా తలలో ఉంది.

మొదట ఉత్తరంగా ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లాను. అక్కడ పునాది గుంట ఉంది, అందులో ముళ్లకంప. తర్వాత జీడిపప్పు ఫ్యాక్టరీ, దాని వెనక గోడౌను. చదును నేల. తుపాను షెల్టర్ ఉండాల్సిన దిబ్బ మీద కాకులు కూడా లేవు. మిషన్ ఆసుపత్రి గోడలు లైనిళ్ల కంటే మందం, లోపల ఆమె వేసవి అంతా దాక్కోవచ్చు. ఆ గోడల తెలుపు తేవడానికి నాకు ఎంత కాలం పట్టిందో బాగా గుర్తుంది. బొమ్మ బాగా వచ్చిందని పైన మెచ్చుకున్నారు కూడా. ఆసుపత్రి చోట గాలి తిరుగుతోంది.

ఈ తీరంలో మనిషి తలదాచుకోగలిగిన ఇళ్లన్నీ నేను బొమ్మ వేసినవే. నేను బొమ్మ వేసినవి ఏవీ ఇప్పుడు లేవు.

గురువులుకు చెప్పలేను. అతనికి కనబడితే రాయక తప్పదు, రాస్తే ఆమెను పైకి పట్టుకుపోతారు. నిన్న మాత్రం అతనే అడగకుండా అన్నాడు. "దచ్చినం పక్క ఉప్పుమళ్ల కాడ ఓ పాత పంపుషెడ్డుంది సాచ్చమ్మా. నా లిస్టులో నేదు. ఎందుకు సెప్తన్నానో నాకూ తెల్దు."

ఇవాళ తెల్లారకముందే బయలుదేరాను. ఉప్పుమళ్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మళ్ల అవతల, చాలా దూరాన, షెడ్డు చిన్నగా కనిపిస్తోంది. తలుపు ఉందో లేదో ఇక్కడి నుంచి తెలియదు. అక్కడి దాకా వెళ్తే పొద్దుగూకేలోపు వెనక్కి చేరలేను. చేరకపోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే, ఆమె దొరికినా తీసుకెళ్లి పెట్టడానికి చోటు ఉండదు.

మళ్ల గట్టు మీద నిలబడి అరిచాను.

"అప్పా! ఆ బొమ్మ నాది! అందులో ఉన్నది నువ్వు కాదు, నేనే! పేరు నాది పెట్టాను! ఇల్లు ఉంది, వచ్చెయ్!"

గాలి ఎదురుగా వీస్తోంది. నడుం మీద చెయ్యి వేసుకుని, తల ఒక పక్కకు వాల్చి, చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. గొంతు పోయేదాకా మళ్లీ మళ్లీ అరిచాను. షెడ్డు దగ్గర ఏదో కదిలినట్టనిపించింది. మనిషో, ఎండమావో. అటువైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాను.

ఎండ నడినెత్తి దాటింది. వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాను. బండి పిలిచే వేళకు గుమ్మంలో మనిషి ఉండాలి.